ఆ గీత గీసే చోట మనవాళ్లు ఉండాలి

(వరంగల్‌లో జరిగిన సంఘం యువజన సమావేశంలో ఇంజనీరింగ్ చదువులపై చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం తరఫున మేము ఎక్కడికి వెళ్లినా మీరు అడిగే ప్రశ్న ఒక్కటే: "అన్నా, ఏ బ్రాంచి తీసుకుంటే నౌకరీ వస్తది?" అడగాల్సిన ప్రశ్నే. కానీ అంతకంటే ముందు తెలుసుకోవలసింది ఒకటుంది. ఇంజనీరు పొద్దున లేచి డ్యూటీకి పోయి చేసే పని ఏమిటి?

మేడారం జాతరనే తీసుకుందాం. రెండేళ్లకోసారి అడవి నడుమ నాలుగు రోజుల పాటు ఒక పెద్ద పట్నం లేస్తుంది. జంపన్నవాగు దగ్గర ఇంతమంది స్నానం చేయాలంటే ఎన్ని నల్లాలు కావాలి, వాటికి ఎంత మోటారు పెట్టాలి, బస్సులు ఎటు వచ్చి ఎటు పోవాలి, అన్ని సెల్‌ఫోన్లు ఒక్కసారిగా మోగితే సిగ్నల్ ఎట్లా నిలవాలి? ఇవన్నీ ఎవరో ఒకరు నెలల ముందే కాగితం మీద లెక్క కట్టాలి. ఆ లెక్క కట్టి, అది తప్పితే జవాబు చెప్పే మనిషే ఇంజనీరు. పని చేసే చేతులు వేరే ఉంటాయి. వాటి విలువ తక్కువేం కాదు.

సివిల్ ఇంజనీరింగ్ మనకు కొత్త కాదు. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు కాకతీయుల కాలం నాటివి. చెరువుకు మూడు ముఖ్యం: కట్ట, తూము, అలుగు. నీళ్లను ఆపేది కట్ట. పొలానికి వదిలేది తూము. ఎక్కువైన నీళ్లను బయటకు పంపేది అలుగు. ఈ మూడింట్లో ఎవరూ పట్టించుకోనిది అలుగు, చెరువును బతికించేది కూడా అదే. అలుగు ఇరుకుగా కడితే పెద్ద వాన రోజున నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయి, మట్టి కోసుకుపోతుంది, చెరువు తెగుతుంది. ఎంత విస్తీర్ణంలో పడ్డ వాన ఈ చెరువులోకి దిగుతుందో లెక్కేసి అలుగు వెడల్పు నిర్ణయించాలి. ఇప్పుడు కాలేజీలో హైడ్రాలజీ పేరుతో చదివేది ఇదే. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడిని ఇసుక నింపిన పునాది మీద నిలబెట్టారు. బరువు తగ్గించడానికి శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. 2021లో ఆ గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది.

ఇదే సివిల్‌కు ఇంకో ముఖం ఉంది. దాని గురించి మన సభలో మాట్లాడకపోతే ఇంకెక్కడ మాట్లాడతాం? పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 150 అడుగులు. సముద్రమట్టం నుంచి ఆ ఎత్తులో మ్యాపు మీద గీత గీస్తే, లోపల పడ్డ ఊరు మునుగుతుంది. అట్లా పడ్డవాటిలో కోయ, కొండరెడ్ల గూడేలు ఎన్నో. వరద రోజున నీళ్లు ఆ గీత దాటి ఎంత వెనక్కి తన్నుతాయన్నది మరో లెక్క. ఆ లెక్కను చదవగలిగినవాడు గ్రామసభలో లేచి "ఈ అంకె ఎట్లా వచ్చింది?" అని అడగగలడు. చదవలేనివాళ్లం దండం పెట్టి అడుక్కోవాల్సి వస్తుంది. గీత గీసే బల్ల దగ్గర మనవాళ్లు ఉంటే అన్యాయాలన్నీ ఆగిపోతాయని మేము అనడం లేదు. కానీ ఆ గూడెం పేరు తెలిసిన మనిషి ఒకడైనా అక్కడ ఉంటాడు.

ఇక కరెంటు. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు ఉంది. పక్కనే చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రంలో 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. బొగ్గును భూమిలోంచి, పైకప్పు కూలకుండా తీయించేది మైనింగ్ ఇంజనీరు. బాయిలర్లో ఆవిరి పుట్టించి టర్బైన్ తిప్పే పని మెకానికల్ వాళ్లది. తిరిగే ఇరుసు నుంచి కరెంటు పుట్టించి మీ ఇంటి దాకా తెచ్చేది ఎలక్ట్రికల్ వాళ్లు. తండా చివరి ఇంట్లో బల్బు ఎందుకు గుడ్డిగా వెలుగుతుంది, మోటారు ఎందుకు కాలిపోతుంది? ట్రాన్స్‌ఫార్మర్ నుంచి సన్నటి తీగ చాలా దూరం పోతుంది, దారిలోనే వోల్టేజి పడిపోతుంది. వోల్టేజి పది రెట్లు పెంచితే అదే కరెంటును పంపడానికి తీగలో పారే ప్రవాహం పదో వంతు అవుతుంది, నష్టం నూరో వంతుకు దిగుతుంది. అందుకే 11 కేవీ లైనును తండా దాకా తెచ్చి అక్కడ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. కరెంటాఫీసుకు ఇచ్చే దరఖాస్తులో ఈ రెండు వాక్యాలు రాయగలిగితే దాని బరువే వేరు.

కెమికల్, మెటలర్జీ గురించి ఎవరూ అడగరు. మంగపేట మండలం కమలాపురంలో కర్ర నుంచి గుజ్జు తీసిన కర్మాగారం నడిచింది కెమికల్ ఇంజనీరింగ్ మీదే.

మీరంతా ఎదురుచూస్తున్న కంప్యూటర్ సైన్సుకు వద్దాం. మేము వద్దనడం లేదు. అందరూ పోతున్నారని పోవడమే బాగాలేదు. అందులో మన పని కూడా ఉంది. గోండీ భాషకు మసరాం లిపి 2017లో, ఆదిలాబాద్ గుంజాలలో బయటపడ్డ గుంజాల గోండీ లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చాయి. అంటే ఆ అక్షరాలకు ఫోనులో, కంప్యూటర్లో స్థానం దొరికింది. ఇక కీబోర్డులు, పాఠాలు, మాటను అక్షరంగా మార్చే యంత్రాలు కావాలి. లంబాడీ, కోయ మాటలకైతే పని ఇంకా ఎక్కువ. ఈ పని బయటి కంపెనీ ఎప్పుడో చేసిపెడుతుందని కూర్చుంటే, అప్పటికి మన నానమ్మల మాటలు వినడానికి నానమ్మలే ఉండరు.

దారులు చెప్తాం, రాసుకోండి. పదో తరగతి తర్వాత పాలీసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేయవచ్చు. ఆ తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఇంట్లో ఇబ్బంది ఉన్నవాళ్లకు ఇదే మంచి దారి అని మా అభిప్రాయం, మధ్యలో ఆగినా చేతిలో డిప్లొమా ఉంటుంది. ఎంపీసీ చదివినవాళ్లకు ఎప్‌సెట్, జేఈఈ మెయిన్ ఉన్నాయి. మన వరంగల్ ఎన్ఐటీకి 1959 అక్టోబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. దేశంలో మొట్టమొదటి ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల అదే. అందులో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకు. ఎస్టీలకు ఏడున్నర శాతం రిజర్వేషన్, ట్యూషన్ ఫీజు మినహాయింపు ఉన్నాయి. కాజీపేట రోడ్డు మీద ఆ గేటు ముందు నుంచి బస్సులో ఎన్నిసార్లు పోయారో, లోపలికి ఎంతమంది పోయారో మీరే చెప్పాలి.

కులధ్రువీకరణ, ఆదాయ పత్రాలు ఇప్పుడే తీసుకుని పెట్టుకోండి. కౌన్సెలింగ్ రోజున మీసేవ చుట్టూ తిరిగి సీటు పోగొట్టుకున్న పిల్లలను మేము ప్రతి ఏడూ చూస్తున్నాం. భోజనాల తర్వాత ఆ చెట్టు కింద కూర్చుంటాం. మెమోలు తెచ్చినవాళ్లు రండి, ఒక్కొక్కరితో మాట్లాడదాం. ఆడపిల్లలు ముందు రండి, మీకు చివరి బస్సు తొందరగా ఉంది.