క్రొత్త కారు నిచ్చి పాత కారు కొనుట

పాతదాని నిచ్చి క్రొత్తదానిని తెచ్చుకొనుట లోకమున పరిపాటి. చిల్లుపడిన బిందె నిచ్చి క్రొత్త బిందె తెచ్చుకొందుము. ముసలి యెద్దు నమ్మి కోడెను తోలుకొని వత్తుము. అట్లుండగా, మూడేండ్ల చిన్న కారు నిచ్చి, పదేండ్ల నాటిదై 1,28,000 కిలోమీటర్లు తిరిగిన సెడాన్ కారును ఇంటికి తెచ్చినవానిని చూచి ఊరివారు ఏమనుకొందురు? ఆ పని చేసినవాడను నేనే. “అంగడి దివాలా తీసినట్లున్నది” అని మా వీధిలో అనుకొనిరి. అది నిజము కాదు. కాని ఊరకున్నచో నిజమనిపించును గనుక, ఆ కథను, దానిలోని లెక్కను మీ ముందుంచుచున్నాను.

మాది అనంతపురము. ఇక్కడి సగటు వర్షపాతము ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అదియైనను వేళకు పడునను నమ్మకము లేదు. ఎర్రనేలలో వేరుసెనగ విత్తిన పిదప, కాయ ఊరు వేళకు వాన మొగము చాటు చేసినచో, ఆ నష్టము రైతుతో ఆగదు. విత్తనముల అంగడిని, బట్టల అంగడిని, మందుల అంగడిని వరుసగా తట్టుకొనుచు పోవును. నాది వ్యవసాయపు పైపుల, మోటార్ల అంగడి. రైతు చేతిలో డబ్బు ఆడినప్పుడే నా చేతిలోను ఆడును. చిన్న కారునకు బ్యాంకులో అప్పు చేసితిని. నెలకు 11,000 రూపాయల కంతు. ఆ కంతునకు వానతో పని లేదు. ఐదవ తేదీ రాగానే అది వచ్చి నిలుచుండును. మరి 24 కంతులు మిగిలియుండగా ఒక యేడు పంట పోయెను.

ఆ యేడే మా నాయనకు పక్షవాతము వచ్చెను. రెండు నెలల కొకసారి బెంగళూరు ఆసుపత్రికి తీసికొని పోవలెను. పోవుటకే 200 కిలోమీటర్లకు పైగా దూరము. చిన్న కారులో చక్రముల కుర్చీని పెట్టినచో మనిషికి చోటు చాలదు. మనిషిని కూర్చుండబెట్టినచో కుర్చీకి చోటు లేదు. ఇప్పుడు విరివిగా అమ్ముడగుచున్న ఎత్తు కార్లను చూచితిమి. వాటిలోనికి ఆయనను ఎత్తవలెనన్న ఇద్దరు మనుషులు కావలెను. సెడాన్ సీటు ఇంచుమించు కుర్చీ యెత్తుననే ఉండును. పక్కకు జరిపినచో చాలును. కుర్చీ మడచినచో డిక్కీలో ఇమిడిపోవును. కారు మార్చవలెనని నిశ్చయించుకొన్నది అందువలన.

ఇక లెక్క. చిన్న కారును 6,50,000 రూపాయలకు కొంటిని. బీమా కొరకు కారు విలువ కట్టుటకు ఒక తరుగు పట్టిక కలదు. ఆరు నెలల లోపు నూటికి 5, ఏడాది లోపు 15, రెండేండ్ల లోపు 20, మూడేండ్ల లోపు 30, నాలుగేండ్ల లోపు 40, ఐదేండ్ల లోపు 50 చొప్పున విలువ తగ్గును. అనగా, ఐదేండ్లలో కారు తన వెలలో సగము పోగొట్టుకొనును. ఆ సగమును భరించువాడు మొదటి యజమాని. ఇంచుమించు ఆ పట్టిక చెప్పినట్లే నా కారు 4,60,000 పలికెను. బ్యాంకు బాకీ 2,40,000 తీర్చగా 2,20,000 మిగిలెను. పాత సెడాన్ వెల 2,00,000. మరమ్మతులకు, టైర్లకు, పన్నునకు, కాగితములకు మరి 90,000. కడపటికి నా పెట్టెలోనుండి తీసినది 70,000. ఆరేడు కంతుల సొమ్ము.

పాత కారును ఎంచుటలో మొదట నన్ను భయపెట్టినది మీటరులోని అంకె. మా మేస్త్రీ నవ్వి, “అన్నా, బండి ఎంత దూరం తిరిగిందని కాదు, యా దోవలో తిరిగిందని చూడాల” అనెను. ఆ మాటలో శాస్త్రము కలదు. రహదారి మీద ఒకే వేగమున పోయిన లక్ష కిలోమీటర్ల కంటె, ఊరి రద్దీలో నిమిషమున కొకసారి క్లచ్చి తొక్కుచు పోయిన 40,000 కిలోమీటర్లు ఇంజనును, గేరును ఎక్కువ అరుగదీయును. మీటరులోని అంకెను వెనుకకు తిప్పువారును కలరు. కావున అంకెను నమ్మక, సర్వీసు కాగితములలో తేదీతోపాటు వ్రాసిన దూరమును వరుసగా చూచితిమి. స్టీరింగు తోలు, బ్రేకు పెడలు రబ్బరు అరిగిన తీరు ఆ దూరమునకు సరిపోయినదా యని చూచితిమి. టైరు పక్కన అచ్చువేసిన కడపటి నాలుగంకెలు అది పుట్టిన వారమును, సంవత్సరమును చెప్పును. 2319 అని ఉన్నచో 2019వ సంవత్సరపు 23వ వారము. పైకి క్రొత్తగా కనబడు టైరు లోపల ముసలిదై యుండవచ్చును. మా ఎండలలో రబ్బరు వేగముగా బీటలువారును. టైమింగు బెల్టు గల ఇంజనైనచో, ఆ బెల్టు మార్చిరో లేదో తెలిసికొనక బేరమాడరాదు. అది తెగినచో ఇంజను ఖర్చు కారు ఖర్చును మించవచ్చును.

మరియొక సంగతి మాకు వింతగా తోచినది. 2015లో మద్రాసు నగరమును, 2022లో బెంగళూరును వరదలు ముంచినప్పుడు వేలకొలది కార్లు నీట మునిగెను. అట్టివి తుడిపించుకొని ఎక్కడెక్కడి సంతలకో చేరును. వానకై ఆకాశము వైపు చూచు మేము, వరదలో మునిగిన కారును కొనకుండ జాగ్రత్తపడవలసి వచ్చెను! సీటు పట్టీని చివరివరకు లాగి చూడవలెను. బురద చార అక్కడ దాగును. డిక్కీలో అదనపు చక్రము క్రింది గుంట చూడవలెను. ముక్కిన వాసన వచ్చినచో మారుమాట లేక తిరిగి రావలెను.

కాగితముల విషయమున నేను దెబ్బ తింటిని గనుక కొంత వివరముగా చెప్పెదను. కారు బెంగళూరుది. ఒక రాష్ట్రమున నమోదైన బండి మరియొక రాష్ట్రమున 12 నెలలకు మించి ఉన్నచో అక్కడి నంబరు తీసికొనవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. దానికి అక్కడి రవాణా కార్యాలయమునుండి అభ్యంతరము లేదను పత్రము కావలెను. అది 28వ నంబరు ఫారము. యజమాని పేరు మారుటకు 29, 30 ఫారములు. పాత అప్పు తీరినదనుటకు 35వ ఫారము. జీవితకాలపు పన్ను మన రాష్ట్రమున మరల కట్టి, అక్కడిదానిలో మిగిలిన భాగమును అడిగి రాబట్టుకొనవలెను. వెల మాత్రమే చూచి పొరుగు రాష్ట్రమునుండి తెచ్చువారు ఈ పన్నును మరచి, పిదప తల పట్టుకొందురు.

కాని దెబ్బ తగిలినది కొన్న చోట కాదు, అమ్మిన చోట. నా చిన్న కారును తీసికొన్న మధ్యవర్తి పేరు మార్పిడి “రేపు, మాపు” అనుచు జాపెను. రెండు నెలలకు, నేనెన్నడును పోని ఊరిలో అతివేగమునకై నా పేర జరిమానా వచ్చెను. జరిమానాతో పోయినది గనుక సరిపోయెను. ప్రమాదము జరిగియున్నచో? నమోదు పుస్తకములో ఎవరి పేరున్నదో వారే యజమానియని, నష్టపరిహారమునకు వారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పియున్నది. కారు నమ్మువారు డబ్బు చేతబడినంతనే పని తీరినదనుకొనరాదు. పేరు మారిన దినమే అమ్మిన దినము.

వెనుకటి కాలమున ఈ విషయము తలక్రిందులుగా ఉండెడిది. క్రొత్త ఫియట్ కొరకో, అంబాసిడర్ కొరకో పేరు వ్రాయించుకొని ఏండ్ల తరబడి కాచుకొనవలెను. కావున వెంటనే చేతికి వచ్చు పాత కారునకు గిరాకి హెచ్చు. అంబాసిడర్ తయారీ 2014లో నిలిచిపోయెను. 2019లో మా పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారము తెరచిరి. గొల్లపల్లి జలాశయపు నీరు దానికి వచ్చుచున్నది. బెంగళూరు పోవునప్పుడెల్ల, మెరయు క్రొత్త కార్ల ముందునుండి మా పదేండ్ల సెడాన్ పోవుచుండును.

ఇంతకును నాకు లాభమా, నష్టమా? దాచక చెప్పెదను. చిన్న కారునే ఉంచుకొన్నచో, రెండేండ్లకు అప్పు తీరి, 3,25,000 విలువగల వస్తువు ఇంట నుండెడిది. ఈ సెడాన్ అప్పటికి లక్ష పలికినచో గొప్ప. ఆ భేదము 2,25,000. తప్పిన కంతులు 2,64,000. అందులో నేను పెట్టిన 70,000, నెలకు 3,000 చొప్పున మరమ్మతులకై వేరుగా ఉంచు 72,000 తీసివేయగా మిగులు 1,22,000. కాగితము మీద 1,03,000 రూపాయల నష్టము. చిన్న కారునకు అగు సర్వీసు ఖర్చును తగ్గించి చూచినను నష్టము నష్టమే.

తెలిసియే ఒప్పుకొంటిని. నెల జీతము గలవారైనచో ఈ పని చేయవలదని చెప్పుదును. కంతు తీరువరకు ఓపిక పట్టుటయే వారికి లాభము. పాత కారునకై నెలనెల కొంత వేరుగా ఉంచలేనివారును దీని జోలికి పోరాదు. కంతు పోయి మరమ్మతు వచ్చినచో అప్పు పేరు మారినదే కాని తీరినది కాదు. కాని వాన మీద బ్రతుకు ఆధారపడినవానికి, తేదీ తప్పని బాకీ ఒకటి తగ్గుటకు ఒక వెల కలదు. ఆ వెల నాకు 1,03,000. పంట పోయిన యేడు రైతులు బాకీలు తీర్చలేకపోయినను, వారి వెంటబడక ఊరకుండగలిగితిని. అప్పున్నచో ఊరకుండగలిగియుందునా యని అనుమానమే.

మొదటి పయనమున పెనుకొండ దాటిన పిదప, వెనుక సీటులోనుండి మా నాయన ఏదో అనెను. జబ్బు చేసిన నాటినుండి ఆయన మాట ముద్దగా వచ్చును. బండి ఆపి మరల అడిగితిని. “కాళ్ళు చాపుకొనేకి వచ్చిందిరా” అనెను. ఈ మాటను లెక్కలో ఏ పక్కన వ్రాయవలెనో నాకు తెలియలేదు. వ్రాయకయే బండి నడిపితిని.