మంగళవారం పోదాం నల్లమలకు
(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్తీకమాసంలో ఒక ఆదివారం మా హాస్టల్ ఆడపిల్లలందరినీ రెండు బస్సుల్లో నల్లమలకు వనభోజనాలకు తీసుకుపోతామని కార్యదర్శి గారు ఇందాక ప్రకటించారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. కానీ మైకు నా చేతికి వచ్చింది కాబట్టి చెప్తున్నాను: నల్లమలకు పోదాం, కార్తీకంలో వద్దు, ఆదివారం వద్దు, రెండు బస్సులు అసలే వద్దు.

ముందు కార్తీకం సంగతి. మనం పోయేది 765వ నంబరు జాతీయ రహదారి మీద. అదే శ్రీశైలం దారి. కార్తీక సోమవారం దర్శనానికి ఆదివారం పొద్దుటి నుంచే కార్లు బయలుదేరుతాయి. శివరాత్రికి, ఉగాదికి కూడా అంతే. వానాకాలంలో డ్యాం గేట్లు ఎత్తారని టీవీలో చూపించగానే హైదరాబాద్ సగం ఆ ఘాట్ మీదే ఉంటుంది. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర, ఆ మూడు రోజులు లోయలోకి దిగే ఇరుకు దారిలో మనిషి వెనక మనిషి. అది భక్తితో పోయే యాత్ర, దాన్ని నేను తప్పు పట్టను. చిన్నపిల్లలకు అడవి చూపించే రోజులు మాత్రం అవి కావు.

మరి ఎప్పుడు? జూలై నుంచి సెప్టెంబరు దాకా పులుల అభయారణ్యంలో సఫారీ బంద్. దసరాకు పిల్లలు ఇళ్లకు పోతారు. తర్వాత కార్తీకం. అది దాటితే మార్గశిరం. దర్శనాల రద్దీ తగ్గుతుంది, చలి ఉంటుంది, మల్లెలతీర్థంలో ధార సన్నబడుతుంది కానీ ఆగిపోదు. ఎండాకాలానికి అక్కడ చూడటానికి రాళ్లే మిగులుతాయి. అందుకే మార్గశిరంలో ఒక మంగళవారం అంటున్నాను.

బడి ఎట్లా అని హెడ్మాస్టర్లు అడుగుతారు. ఆ మంగళవారం స్థానిక సెలవు ఇచ్చి, బదులుగా రెండో శనివారం బడి పెట్టుకోవచ్చు. వాలంటీర్లు ఎట్లా దొరుకుతారంటారా? మన శంషాబాద్‌లో ఆదివారం అందరికీ సెలవు రోజు కాదు. 2008లో విమానాశ్రయం తెరిచినప్పటి నుంచి మన పిల్లలు లోడింగులో, హౌస్‌కీపింగులో, సెక్యూరిటీలో షిఫ్టులు చేస్తున్నారు. చాలామందికి వీక్లీ ఆఫ్ వచ్చేదే మంగళవారమో బుధవారమో. ఇన్నేళ్లూ పండక్కి సెలవు దొరకదని తిట్టుకున్న ఆ రోస్టర్ ఈ ఒక్క పనికైనా అక్కరకు వస్తుంది.

మనసులో ఉన్న అసలు మాట కూడా చెప్తాను. గుంపు అంటే నా భయం పిల్లలు తప్పిపోతారని కాదు. ఒక జలపాతం దగ్గర, అది ఎక్కడో చెప్పను, ఆదివారం పూట మా పిల్లలు నీళ్లలో ఆడుకుంటుంటే ఒడ్డున సీసాలు పెట్టుకుని కూర్చున్న మగవాళ్లు ఫోన్లు తీశారు. పిల్లలు తడి బట్టలతోనే బస్సెక్కారు. తిరుగుదారిలో ఒక్క పాట లేదు. లంబాడీ పిల్లలు బస్సులో పాట లేకుండా కూర్చున్నారంటే ఎంత చిన్నబుచ్చుకున్నారో ఇక్కడున్న యాడీలకు వేరే చెప్పాలా?

ఇంకొకటి. మనం పోయేది ఖాళీ జాగాకు కాదు, చెంచుల ఇంటికి. హైమన్‌డార్ఫ్ అనే ఆయన 1943లోనే చెంచుల మీద ఒక పుస్తకం అచ్చు వేశాడు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. ఆ గీతలు గీయకముందు నుంచే పెంటలు అక్కడ ఉన్నాయి. ఇప్పుడు లోపలి ఊళ్లను బయటికి తరలించే మాట నడుస్తోంది. 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు వాళ్లతో పాటు రాష్ట్రమంతా గొంతు కలిపింది, ఆ సెప్టెంబరులో అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. మా హాస్టల్లో ఒక చెంచు పిల్ల ఉంది. “ఆదివారం మేం నీళ్ల దగ్గరికి పోం మేడమ్, సోమవారం పోతే సీసా పెంకులు ఉంటాయి” అన్నది. మన రెండు బస్సులు కూడా ఆ ఆదివారంలో కలవాలా?

మా తాతమ్మ లదేణి కాలం కబుర్లు చెప్పేది. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తిరిగే రోజుల్లో నాయక్ ముందు నీళ్లు, గడ్డి చూసుకుని, అక్కడ ఇంకొకరి బిడారు లేదని తెలిశాకే మనవాళ్లను దింపేవాడట. ఏ ఆన్‌లైన్ బుకింగూ లేకుండానే!

ఇక పద్ధతి. ఒక్కో విడతకు ఇరవై రెండు మంది పిల్లలు, ఇద్దరు టీచరమ్మలు, నేను, ముగ్గురు వాలంటీర్లు, ఒక మినీ బస్సు. ముందు తొమ్మిదో తరగతి. తక్కిన వాళ్లకు తర్వాతి మంగళవారాలు. ఫరహాబాద్ వ్యూపాయింట్‌కు పోవాలంటే అటవీశాఖ సఫారీ బండ్లే, మన బస్సు లోపలికి పోదు. వంద మందిని తీసుకుపోతే ఎనభై మంది గేటు దగ్గర కోతుల్ని చూస్తూ కూర్చోవాలి. ఖర్చు ఎక్కువవుతుందని కోశాధికారి గారి ముఖం చెప్తోంది. నిజమే, ఎక్కువే. ఆ రోజు పెట్టాలనుకున్న సౌండ్ బాక్సులు, ఫ్లెక్సీలు, షామియానా మానేస్తే చాలావరకు సరిపోతుంది. అడవిలో డీజే ఎందుకు తమ్ముడూ?

పొద్దున నాలుగున్నరకు శంషాబాద్ నుంచి కదలాలి. నేను మూడింటికే లేచి పులిహోర కట్టిస్తాను. తుక్కుగూడ దగ్గర శ్రీశైలం రోడ్డు ఎక్కి, కడ్తాల్, ఆమనగల్లు, డిండి మీదుగా ఏడు దాటేసరికి మన్ననూరు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అక్కడ గేటు మూసి ఉంటుంది, కాబట్టి అంతకన్నా ముందు పోయీ లాభం లేదు. దారిలో ఫరహాబాద్ గేటు కనిపించినా ఆగొద్దు. నేరుగా వటవర్లపల్లి, అక్కడి నుంచి లోపలికి మల్లెలతీర్థం. దూరంగా ఉన్నది ముందు చూడాలి. పట్నం కార్లు అక్కడికి చేరేసరికి మన పిల్లలు ఆ మూడు వందల పైచిలుకు మెట్లు దిగి, ఆడుకుని, మళ్లీ ఎక్కేసి ఉంటారు. పదకొండింటికి వటవర్లపల్లిలో భోజనం. ముందే చెప్పి అక్కడి ఆడవాళ్లతోనే వండించుకుందాం, మన డబ్బు ఆ ఊళ్లోనే పడనీ. తిరుగుదారిలో ఫరహాబాద్ సఫారీ. రెండున్నరకు బయలుదేరితే చలికాలం చీకటి పడకముందే హాస్టల్‌లో హాజరు తీసుకోవచ్చు.

సఫారీ బుకింగు, అటవీశాఖతో మాట్లాడటం కార్యదర్శి గారి పని. పై ఆఫీసు అనుమతి నా పని. తల్లిదండ్రుల సంతకం కాగితాలు ఈ రోజే తెచ్చాను, బయట టేబుల్ మీద ఉన్నాయి. వేలిముద్ర వేసేవాళ్లకు పిల్లలే చదివి వినిపించాలి. పెంటల్లో ఇళ్ల ముందు నిలబడి సెల్ఫీలు దిగే వాలంటీర్లు నాకు వద్దు, అట్లాంటి సరదా ఉన్నవాళ్లు ఇప్పుడే పేరు కొట్టేయించుకోండి. ప్లాస్టిక్ సీసాలు కాదు, స్టీలు చెంబులు. అరటిపండ్ల గెల ఇస్తానన్న మామయ్య గారికి దండాలు. దాన్ని ముందురోజే హాస్టల్‌కు పంపండి, దారి పొడుగునా కోతులకు వేయడానికి మాత్రం వద్దు. అవి రోడ్డు మీదికొచ్చి బండ్ల కింద పడుతున్నాయి.