పొరుగువాని కిచ్చిన మూరెడు నేల

పొరుగింటివారు గడ్డివామికో, పశువుల పాకకో మన దొడ్డిలో మూరెడు చోటడిగినపుడు కాదనుట పల్లెలలో మర్యాద గాదు. అయినను, నోటిమాటగా నిచ్చిన యనుమతి నేలపై హక్కు కాదని 1882వ సంవత్సరపు ఈజ్‌మెంట్ల చట్టము వలన తెలియుచున్నది. అనుమతితో ననుభవించువానికి, ఏండ్లు గడచినంత మాత్రమున స్వామ్యము సిద్ధింపదు. అనుమతి లేక, బహిరంగముగా, యజమానికి ప్రతికూలముగా 12 ఏండ్లు నిరంతరాయముగా స్వాధీనమందుంచుకొన్నచో మాత్రము, 1963 నాటి కాలపరిమితి చట్టము ననుసరించి యజమాని హక్కే యంతరించును. ఇక, మీ యనుమతి ననుసరించి పొరుగువాడు సొమ్ము వెచ్చించి శాశ్వతమైన కట్టడము లేపెనా, సామాన్యముగా ఆ యనుమతిని మీరు రద్దుచేయజాలరు! కావున ఏ చోటు, ఎందులకు, ఎంతకాలమో కాగితముపై వ్రాసికొని, ఇరువురును చేవ్రాలు చేయుడు, పాకకు గుంజలు పాతకముందే.