వంకర తిరిగిన హ్యాండిల్



బడికి పోయే పిల్ల సైకిల్ మీంచి పడింది. దెబ్బ తగల్లేదు. కానీ చక్రం ముందుకు చూస్తోంది, హ్యాండిల్ పక్కకు చూస్తోంది. సైకిల్ షాపు పక్క ఊళ్లో ఉంది. నాన్న పనికి పోయాడు. పిల్ల బడి మానాలా? అక్కర్లేదు. ఈ పని అమ్మ చేయగలదు.

పానా, సుత్తి, చెక్కముక్క ఉంటే చాలు.

హ్యాండిల్ నడుమ, పైన ఒక బోల్టు ఉంటుంది. దాన్ని పానాతో ఎడమకు 2, 3 చుట్లు తిప్పాలి. పూర్తిగా ఊడదీయకూడదు. బోల్టు మీద చెక్క పెట్టి సుత్తితో మెల్లగా కొట్టాలి. లోపలి పట్టు వదులవుతుంది.

సైకిల్ ఎదురుగా నిలబడి ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టాలి. హ్యాండిల్ తిప్పి సరిచేయాలి. చక్రం నిలువు గీత. హ్యాండిల్ అడ్డగీత. అలా కుదరగానే బోల్టు కుడివైపు గట్టిగా బిగించాలి.

చక్రాన్ని మళ్లీ మోకాళ్లతో పట్టి హ్యాండిల్ తిప్పి చూడాలి. కదిలితే ఇంకా బిగించాలి. బ్రేకులు కూడా నొక్కి చూడాలి. ఎక్కడైనా ఇనుము చీలినా, వంగినా ఆ సైకిల్ తొక్కకూడదు. షాపుకే నడిపించుకుపోవాలి.

1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో వేలమంది ఆడవాళ్లు చదువుతో పాటు సైకిల్ నేర్చారు. పలక పట్టిన చేతికి పానా బరువా?