పక్కవాళ్ల గేదె మన చేలో పడితే



వరి కోతలు అవుతాయి. కుప్పలు వేస్తారు. ఇక పొలాల్లో ఏముందిలే అని కొందరు పశువుల్ని వదిలేస్తారు. ఇది పాత అలవాటు. కాని కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్లలో కోతకి ముందే వరి చేలో మినుము, పెసర చల్లుతారు. వరి కోసేసరికి కింద మొలక లేచి ఉంటుంది. దూరం నుంచి చూస్తే ఖాళీ పొలంలాగే ఉంటుంది. పశువుకి మాత్రం అది పచ్చిమేత. తగాదా అక్కడే మొదలు.

ఒక ఊళ్లో ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఉన్నారనుకోండి. ఒకామె 30 సెంట్లు కౌలుకి చేస్తోంది. రెండో ఆమెకి భూమి లేదు. ఒక్క గేదె ఉంది. పాలు పోస్తేనే ఇల్లు గడుస్తుంది. ఒకరోజు ఆ గేదె పలుపు తెంపుకుని మినుము చేలో పడింది.

చేను ఆమెకి కడుపు మండదా? మండుతుంది. కౌలు ఎలా కట్టాలి? విత్తనం డబ్బు ఎవరిస్తారు? ఆ కోపంలో కర్ర తీసి గేదె కాలు విరగ్గొట్టిందనుకోండి. మేసిన మినుము తిరిగి వస్తుందా? రాదు. ఆ ఇంట్లో పాలు పోతాయి. మొదట నష్టపోయింది ఒక ఇల్లు. ఇప్పుడు రెండు ఇళ్లు.

పైగా కేసు చేను ఆమె మీదికే వస్తుంది. పశువుని కావాలని చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా నేరం. భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 5 ఏళ్ల దాకా జైలు పడవచ్చు.

కొందరు కంచెకి కరెంటు తగిలిస్తారు. ఆ తీగకి పశువేదో, మనిషెవరో తెలియదు. చీకట్లో నీళ్లు పెట్టడానికి వెళ్లిన మన ఇంటివాళ్లే పోవచ్చు. ఆ పని వద్దే వద్దు.

మరి ఏం చెయ్యాలి?

గేదెని మెల్లగా గట్టు మీదికి తోలండి. గేదె గలామెని పిలవండి. "వదినా, నీ గేదె మా చేలో పడింది. వచ్చి చూడు" అనండి. తిట్టి పిలిస్తే ఆమె చేను చూడదు. తిట్టుకే జవాబు చెబుతుంది. ఇంకో ఇద్దర్ని పిలవండి. అందరి ముందు మేసిన మేర కొలవండి. అప్పుడు పుస్తకం తీసి, తేదీ వేసి, ఇలా రాయండి:

"ఈ రోజు సాయంత్రం 4 గంటలకి పక్కింటి గేదె మా మినుము చేలో పడింది. 4 సెంట్లు మేసింది. ఇద్దరు చూశారు."

చూసినవాళ్ల చేత సంతకాలు పెట్టించండి. గేదె గలామె సంతకం కూడా అడగండి.

ఎందుకు రాయాలి? నోటిమాట మారిపోతుంది. రెండు నెలలు పోతే 4 సెంట్లు ఒకరి నోట 10 సెంట్లు అవుతుంది. ఇంకొకరి నోట నాలుగు మొక్కలు అవుతుంది. కాగితం మీద అంకె మారదు.

నష్టం ఎంతో పంట నూర్చాక తేల్చుకోవచ్చు. పక్కన మేయని చోట సెంటుకి 5 కిలోలు పండిందనుకోండి. మేసిన 4 సెంట్లకి 20 కిలోలు. మేసిన చోట మళ్లీ చిగిర్చి కొంత పండితే, అది తీసేయాలి. డబ్బు లేకపోతే గింజలైనా, కూలి పనైనా ఇవ్వవచ్చు.

ఎంత చెప్పినా రోజూ అదే పని అయితే? దానికి 1871 నాటి పశువుల చట్టం ఉంది. పంట పాడుచేస్తున్న పశువుని ఆ పొలం సాగుచేసేవాళ్లు పట్టుకోవచ్చు. 24 గంటల్లోగా బందెలదొడ్డికి పంపాలి. ఇంట్లో కట్టేసుకుని పాలు పిండుకోకూడదు. దొడ్డి కాపరి మేత, నీళ్లు పెట్టాలి. పశువు గలవాళ్లు జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. దౌర్జన్యంగా తోలుకుపోకూడదు. మేక, గొర్రె, పంది, గాడిద, చివరికి ఏనుగు కూడా ఆ చట్టంలో ఉన్నాయి. కోడి లేదు! కోళ్ల తగాదా మాటలతోనే తేల్చుకోవాలి. కొన్ని ఊళ్లలో దొడ్డి మూతబడింది. మీ ఊళ్లో ఉందో లేదో పంచాయతీలో అడగండి.

దొడ్డి జరిమానా వేరు, పంట నష్టం వేరు. నష్టం పెద్దల ముందు అడగాలి. అక్కడ తేలకపోతే కోర్టులో అడగాలి. అప్పుడు మీరు రాసిన కాగితం పనికొస్తుంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకి లాయరు సాయం ఉచితం. ఆదాయం ఎంతున్నా సరే. 15100కి ఫోను చేసి అడగవచ్చు.

ఇక పశువులున్న అక్కలకి ఒక మాట. వదిలేసిన గేదె ఎదుటివాళ్ల చేనుకే కాదు, మీకూ ముప్పే. పచ్చి మినుము, పెసర ఎక్కువగా మేస్తే కడుపు ఉబ్బుతుంది. లేత జొన్నలో విషం ఉంటుంది. అది మేసిన పశువు గంటల్లో చావవచ్చు. పురుగుమందు కొట్టిన చేలో మేసినా ప్రమాదమే. మందు కొట్టినవాళ్లు ఇరుగుపొరుగుకి ముందే చెప్పాలి.

కొత్త పలుపు ఖర్చు ఎంత? గేదె ఖరీదు ఎంత? లెక్క మీరే వేయండి. ఈ రాత్రి పడుకునే ముందు పలుపు ఒకసారి లాగి చూడండి.