మూడూళ్ల రికార్డుల పెట్టె

సంగీతమునకు ఊరు గలదా యని యడిగినచో, గలదనియే మా సమాధానము. మేము ముగ్గురము చిన్ననాటి మిత్రులము. ఒకరిది జగిత్యాల, ఒకరిది కోరుట్ల, ఒకరిది సిరిసిల్ల. మా యుమ్మడి ఆస్తి యొక్కటే: 40 గ్రామఫోను రికార్డులున్న రేకు పెట్టె. సిరిసిల్లనుండి నేతపనికై భివండికి, బొంబాయికి పోయినవారనేకులు. మా మిత్రుడును అట్లే పోయి, కూలిలో మిగిల్చిన డబ్బుతో పాత సామానుల బజారున వీనిని కొని తెచ్చెను.

మేము మొట్టమొదట వినినది లివర్‌పూలు రేవు పట్టణపు బీటిల్స్ బృందమును. 1965లో వెలువడిన ‘రబ్బర్ సోల్’ నందు జార్జి హారిసన్ సితారు వాయించెను. పరాయి పాటలో పరిచితమైన తీగ పలుకగా, చుట్టమెవరో గడప దాటి లోనికి వచ్చినట్లు తోచినది. జగిత్యాల మిత్రునకు నేటికిని అదియే ప్రీతి.

కోరుట్ల మిత్రుడు పింక్ ఫ్లాయిడ్ పక్షము. 1973 నాటి ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ముగియును. అతడు గల్ఫునకు పోవు ముందటి రాత్రి దానినే వింటిమి. ముగిసిన పిదప ఎవ్వరమును మాటలాడలేదు.

సిరిసిల్ల మిత్రునకు ప్రాణము బర్మింగ్‌హాము వారి బ్లాక్ సబ్బాత్. అందు గిటారు వాయించిన టోనీ అయోమీ, 17 ఏండ్ల ప్రాయమున రేకుల కర్మాగారములో యంత్రమునబడి కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలు పోగొట్టుకొనెను. ప్లాస్టిక్ సీసాను కరగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొని మరల వాయించెను. నొక్కుటకు సులువగునని తరువాత తీగల బిగువు తగ్గించెను. 1971 నాటి వారి రికార్డులోని గంభీర మంద్రస్వరము ఆ సడలింపునుండి వచ్చినదే. “బిగువెక్కువైన పడుగు తెగును. అతనికి మన పని తెలియును” అని మా మిత్రుడనును.

ఏండ్ల తరబడి మరమగ్గముల మ్రోతలో పనిచేసిన మా మిత్రునకిప్పుడు చెవులు సరిగా వినబడవు. కోరుట్ల మిత్రుడు గల్ఫునుండి తిరిగివచ్చిన పిదప, పెట్టె ఎవరియింట నుండవలెనను మాట వచ్చినది. వినలేనివానికి రికార్డులెందుకని మాలో నొకరము తొందరపడి యంటిమి. అతడు బదులు పలుకలేదు. రికార్డు తిప్పి, స్పీకరు పెట్టెపై అరచేయి యానించి, కన్నులు మూసికొనెను. మద్దెల దెబ్బ పడిన ప్రతిసారియు అతని చూపుడువ్రేలు కదలినది. ఒక్క దెబ్బయు తప్పలేదు. మేము తల వంచుకొంటిమి.

2016లో పాత కరీంనగరము జిల్లా విడివడి జగిత్యాల, సిరిసిల్ల వేరు జిల్లాలైనవి. మా పెట్టె మాత్రము విడివడలేదు. అది సిరిసిల్లలోనే యున్నది. వినవలెనన్న కోరిక గలిగినప్పుడు మేమే బస్సెక్కి పోవుచున్నాము.