నాలుగు స్వరాలతో రాగం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంగీతం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. వాగ్గేయకారులనగానే మనకు అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్య గుర్తొస్తారు. అందరూ ఎప్పటివాళ్లో. మన కాలంలోనే కృతులు రాసి, స్వరపరచి, తానే పాడిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి గురించి చెబుతాను.

ఆయన 1930 జులై 6న కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టారు. తండ్రి పట్టాభిరామయ్యగారు సంగీత విద్వాంసులు. వీణ వాయించే తల్లి సూర్యకాంతమ్మగారు బిడ్డ పసితనంలోనే కన్నుమూశారు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు గురువు. ఆ గురుపరంపర త్యాగయ్య దాకా వెళుతుంది. మురళీకృష్ణ అన్న పేరుకు ముందు 'బాల' చేర్చినది హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్.

కర్ణాటక సంగీతంలో 72 మేళకర్త రాగాలున్నాయి. షడ్జమ పంచమాలు కదలవు. మధ్యమం రెండు రకాలు. రిషభ, గాంధార, ధైవత, నిషాదాల మార్పులతో ఒక్కో మధ్యమానికి 36 రాగాలు వస్తాయి. వాటిలో చాలా రాగాలు కచేరీల్లో వినపడేవే కావు. బాలమురళిగారు పదిహేనేళ్ల ప్రాయానికే ఆ 72 రాగాల్లోనూ కృతులు రచించారు.

అంత పట్టు సాధించాకే ఆయన కొత్తదారి తొక్కారు. రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలన్నది ఆనవాయితీ. ఆయన నాలుగింటితో లవంగి, మహతి పాడారు. స, మ, ప అనే మూడింటితో సర్వశ్రీ పాడారు. ఇవి రాగాలే కావని కొందరు, కొత్తవి కావని కొందరు పెద్ద విద్వాంసులు వాదించారు. ఆయన మాత్రం పాడుతూనే ఉన్నారు. కృతులు, వర్ణాలు, తిల్లానాలు కలిపి 400కు పైగా రచనలు మనకు మిగిల్చారు.

ఇంత పని ఎలా సాగింది? ప్రతిభ ఒక్కటే చాలదు, నిలబడడానికి చోటు కావాలి. అమెరికాలో ఫిలిప్ గ్లాస్ అనే స్వరకర్త ఉన్నారు. 1976లో ఆయన ఒపేరా న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపేరా హౌస్‌లో ప్రదర్శించారు. ఆ తర్వాత కూడా ఆయన పొట్టకూటికి టాక్సీ నడిపారు. బాలమురళిగారికి విజయవాడ ఆకాశవాణి ఉద్యోగమిచ్చింది. పొద్దున్నే మన తీరంలోని పల్లెల్లో మోగిన భక్తిరంజని ఆయన చలవే. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ కూడా ఆయనే. సినిమాల్లో గాయకుడిగానూ, సంగీత దర్శకుడిగానూ జాతీయ అవార్డులు అందుకున్నారు. 1991లో పద్మవిభూషణ్, 2005లో ఫ్రెంచి ప్రభుత్వ గౌరవం వచ్చాయి. 2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూశారు.

ఇక అసలు సంగతి. మన బడిలో సంగీతం మాస్టారి పోస్టు ఖాళీ అయి చాలా ఏళ్లయింది. హార్మోనియం బీరువాలో ఉంది, టైంటేబుల్లో పీరియడ్ లేదు. స్వర్ణోత్సవ నిధితో స్వాగత ద్వారం కడదామని సంఘంలో అనుకుంటున్నాం. కట్టుకుందాం, కాదనను. కానీ ఆ నిధిలో కొంత తీసి, వారానికి రెండు రోజులు వచ్చే సంగీతం టీచరుకు జీతమిద్దాం. ఇక్కడి రేవుల నుంచీ, రొయ్యల చెరువుల దగ్గర నుంచీ వచ్చే పిల్లల్లో ఏ గొంతులో ఏముందో మనకెలా తెలుస్తుంది? ముందు వాళ్లచేత సరిగమలు పలికిద్దాం. ఈ సభ ముగిసేలోపు పెద్దలు దీని మీద ఒక మాట చెప్పాలని కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను.